మార్కెట్ 20 అంటోంది, నా లెక్క 50: ఏది నమ్మాలి?

సందేహి: ఒక కొత్త ఔషధానికి ఆమోదం వస్తుందా అన్నదానిపై నా అంచనా 50 శాతం. ధర చూడకముందే కాగితం మీద రాసుకున్నాను. తీరా చూస్తే అంచనా మార్కెట్‌లో ‘అవును’ వాటా 20 సెంట్లే, అంటే మార్కెట్ లెక్కన అవకాశం 20 శాతమే. ఆమోదం వస్తే వాటాకు 1 డాలర్, రాకపోతే సున్నా. నా అంచనా మార్చుకోవాలా, చవకగా దొరుకుతోందని కొనాలా?

గణకుడు: మార్చుకోవాలి, అదీ పూర్తిగా. ఆ 20 వెనుక సొంత డబ్బు పెట్టినవాళ్లున్నారు. అయోవా విశ్వవిద్యాలయం 1988లో మొదలుపెట్టిన ఎన్నికల మార్కెట్ చాలాసార్లు సర్వేలకన్నా ఫలితానికి దగ్గరగా వచ్చింది.

నిదానం: గణకుడు గారూ, 2016లో బ్రిటన్ ఐరోపా సమాఖ్యలోనే ఉండిపోతుందని బల్లగుద్ది చెప్పినవీ ఇలాంటి పందెపు ధరలే కదా?

గణకుడు: బల్లగుద్దలేదండీ. 80 శాతం అన్నప్పుడు మిగతా 20 అప్పుడప్పుడూ జరగాల్సిందే. ఎప్పుడూ జరగకపోతేనే అనుమానించాలి.

నిదానం: సరే. కానీ అందరూ ధరకే తలొగ్గితే అందులోకి కొత్త సమాచారం ఎక్కడినుంచి వస్తుంది? 2024 అమెరికా ఎన్నికల్లో పాలీమార్కెట్ అనే అంచనా మార్కెట్‌లో ట్రంప్‌పై కోట్ల డాలర్లు పెట్టిన ఫ్రెంచి వ్యాపారి సొంతంగా సర్వే చేయించుకున్నాడు. ‘మీ ఓటు ఎవరికి’ అని కాదు, ‘మీ ఇరుగుపొరుగు ఎవరికి వేస్తారనుకుంటున్నారు’ అని అడిగించాడు. గెలిచాడు.

గణకుడు: అతని దగ్గర సర్వే ఉంది. సందేహి గారి దగ్గర ఏముంది?

తూకంరాళ్లు: తేలాల్సింది అదే. ఇద్దరూ చెరో కొసన నిలబడ్డారు. శాతాలను కాక, అవకాశాల నిష్పత్తులను (జరగడం : జరగకపోవడం) కలిపి చూడండి. మార్కెట్ 20 అంటే 1:4, సందేహి గారి 50 అంటే 1:1. రెండింటికీ సమాన బరువిస్తే, అంటే గుణించి వర్గమూలం తీస్తే, 1:2, అంటే సుమారు 33 శాతం. మార్కెట్‌కు మూడొంతులు, మీకు ఒక వంతు ఇస్తే సుమారు 26.

పందెం పరిమాణంపై దీని ప్రభావం చూడండి. పందెంలో ఎంత పెట్టాలో చెప్పే సూత్రాన్ని 1956లో కెల్లీ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. దాని ప్రకారం, 50ని నమ్మితే మీ సొమ్ములో 37.5 శాతం పెట్టాలి. 33ని నమ్మితే ఆరో వంతు చాలు. మొండితనం ఖరీదు అక్కడ తెలుస్తుంది!

ధర చూశాక వేసుకున్న అంచనాను మళ్లీ ధరతో కలిపితే మార్కెట్‌ను రెండుసార్లు లెక్కించినట్టే. సందేహి గారు ముందే రాసిపెట్టుకుని మంచి పని చేశారు.

ఇక అట్టడుగు ధరలను యథాతథంగా నమ్మకండి. జరగదని అందరికీ తెలిసినదానికీ, గడువు ఏడాది ఉంటే, 4 సెంట్లు పలకొచ్చు. దాన్ని దించాలంటే ఎవరో ‘కాదు’ వాటాలో 96 సెంట్లు ఏడాదిపాటు ఇరికించి 4 సంపాదించాలి. వడ్డీకిచ్చినా దాదాపు అంతే వస్తుందంటే ఎవరు పూనుకుంటారు?

సందేహి: నాది పాత ఔషధాల ఆమోదాల లెక్క మాత్రమే. ఎవరైనా తీయగలిగేదే.

గణకుడు: అయితే వాళ్లూ తీసే ఉంటారు.

నిదానం: ఒక్కమాట. వాటా నిబంధనలు చదివారా? మార్కెట్ ధర కట్టేది ఆ నిబంధనలకే, మీ మనసులోని ప్రశ్నకు కాదు.

సందేహి: ఇప్పుడే చూశాను. డిసెంబర్ 31 లోపు అధికారిక ప్రకటన రావాలట. నా 50కి గడువు లేదు. గడువు పెడితే 35 అంటాను.

తూకంరాళ్లు: సగం తగాదా తీరింది. మిగిలిన 15కే తూకం వేయండి.

గణకుడు: ఆ 15లోనూ నేను ధర పక్షమే.