సమస్య: "ఉరిని వేసినపుడె యూపిరాడె"

సంచాలకుడు: ఈ వారం పెరటి సమస్య. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడూ మీరు రాయాలి. ఉరికీ ఊపిరికీ పొత్తు కుదరాలి. నిన్న సాయంత్రం టమాటా మొక్కకి పురికొస కడుతుంటే తట్టింది కాబట్టి పూరణ కూడా తోటలోనే తిరగాలి. కోర్టులు, జైళ్ళు వద్దు.

మిద్దెతోట అత్తయ్య: 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు పంతం పట్టి మిద్దె మీద మొక్కలు పెట్టినదాన్ని. ఈ సమస్య నాది.

తోటలో టమాట తూలి నేలను బడె
ఆకు లాకు లొరసి యంటె దెగులు
పాత చీర చింపి పైకి లాగుచు కట్టి
ఉరిని వేసినపుడె యూపిరాడె.

సంచాలకుడు: బోణీ బాగుంది అత్తయ్యగారూ. ఊపిరాడటాన్ని మొక్కల మధ్య గాలి ఆడటంగా తిప్పారు, కీలకం అదే. కింది ఆకులు మట్టిని తాకుతుంటే, వాన చినుకు కొట్టినప్పుడల్లా మట్టితోపాటు తెగులూ ఎగిరి ఆకుమీద పడుతుంది. వలయాలు వలయాలుగా గోధుమరంగు మచ్చలు ముందు అడుగు ఆకుల మీదే కనిపించేది అందుకే. "ఆకు లాకు లొరసి" అన్నమాట చూసినవాళ్ళు తప్ప రాయలేరు.

ఒక చిన్న నస. "కట్టి" తర్వాత "ఉరిని" అంటే విసంధి, కలపాల్సిన చోట కలపకపోవడం. "యురిని" అని ఉండాలి. పాదం నేనిచ్చిందే కాబట్టి తప్పు నా ఖాతాలో వేసుకుంటాను.

సుతిలి తమ్ముడు: సార్, నేను కొత్త. మాది కరీంనగర్. తప్పులుంటే చెప్పండి.

టమాట మొక్క జూడ రాయి గట్టిన యట్లు
కాయ బరువు తోడ కడకు వంగె
చూరు నుండి జారు సుతిలి తాటను జుట్టి
ఉరిని వేసినపుడె యూపిరాడె.

సంచాలకుడు: తమ్ముడూ, రెండు, మూడు పాదాలు నిక్షేపం. "చూరు"కీ "సుతిలి"కీ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) వేశావు చూడు, చకారానికి సకారం చెల్లుతుందని తెలిసే వేశావా, చెవికి తగిలి వేశావా? ఏదైనా సంతోషమే.

చిక్కంతా మొదటి పాదంలోనే. ట-మా-ట అంటే లఘువు, గురువు, లఘువు. అది జగణం. ఆటవెలదిలో వాడే సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. ఆటవెలది పాదాన్ని టమాటాతో మొదలుపెట్టడం ఎవరి తరమూ కాదు. అత్తయ్యగారు ఎలా తప్పించుకున్నారో చూడు: తోట, లోట, మాట. ముందు "లో" పెట్టేసరికి మూడూ గురువు, లఘువుల హగణాలైపోయాయి, అంటే సూర్యగణాలే! కూరలో వేసినా పద్యంలో వేసినా టమాటాకి ముందు ఇంకోటి పడాలి.

పైగా నీ పాదంలో యతి కూడా లేదు. టమాటాకి పాత మాట ఒకటుంది కదా, రామములగ. "రామ" ఒక గణం, "ములగ" ఒక గణం. ఇలా మార్చు:

రామములగ మొక్క రాయి గట్టిన యట్లు

గణాలూ కుదిరాయి, "రా"కి "రా" యతీ పడింది.

సుతిలి తమ్ముడు: పడింది సార్. కానీ మా అమ్మకి రామములగ అంటే ఏం కూర అని అడుగుతది.

డల్లాస్ బావ: ఇక్కడ ఊతానికి కర్రలు కాదు, ఇనుప పంజరాలు అమ్ముతారు. మొక్క చుట్టూ బోర్లించడమే. మా ఇంట్లో జరిగింది యథాతథంగా:

ఇనుప పంజరమ్ము నిల్లాలు గొనితెచ్చె
మొక్క యెదిగి దాని మూతి దాటె
దూలమునకు గట్టి దొరకిన పురికొస
ఉరిని వేసినపుడె యూపిరాడె.

మదనపల్లె మామ: బావా, నువ్వు పెట్టింది చెర్రీ రకం అయ్యుంటుంది. అది ఆగదు, ఆరడుగులు దాటినా పోతానే ఉంటుంది. పంజరం పీకేఎం-1 లాంటి గుబురు రకాలకి సరిపోతుంది. అవి కొంత ఎత్తుకి ఎదిగి నిలిచిపోతాయి. బారు రకానికి పైనుంచి తాడు వదలాల్సిందే. మా పక్క చేలల్లో కర్రలు నాటి, పైన తీగ లాగి, దానికి పురికొసలు వేలాడగడతారు.

సంచాలకుడు: బావగారి పద్యంలో లోపం వెతికాను, దొరకలేదు. "దొరకిన పురికొస" అనడంలో ఆ కంగారు కూడా వినిపించింది.

గుంటూరు గడుగ్గాయి: అందరూ తాడుని పొగిడేస్తున్నారు. నా అనుభవం వేరు. నేను ప్రశ్నగా పూరిస్తా.

బిగువు ముడిని వేసి పీకకు నైలాను
తాడు కట్టినాను, తనువు కోసి
కాడ తెగిన పిదప కాయలు గనరావు
ఉరిని వేసినపుడె యూపిరాడె?

మిద్దెతోట అత్తయ్య: అయ్యో!

సంచాలకుడు: ప్రశ్నార్థకం తగిలించడం అవధానాల్లో నలిగిన ఉపాయమే. అయినా ఇక్కడ దానికి మార్కు వేస్తాను, ఎందుకంటే ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఉరిని నిజంగా ఉరిగా చూసింది ఈ ఒక్క పద్యమే. మిగతా ముగ్గురూ ఉరి అన్నారే గానీ అది ఎలాంటి ముడో చెప్పలేదు. మొక్కకి వేయకూడనిది సరిగ్గా ఉరిముడే. అది జారుడు ముడి, లాగినకొద్దీ బిగుస్తుంది. ఇవాళ పెన్సిలంత ఉన్న కాడ నెలలో వేలంత అవుతుంది, పైన కాయల బరువు లాగుతుంటుంది. నైలాను కోస్తుంది.

మరి నేనిచ్చిన సమస్యే తప్పుదోవ పట్టించిందా? కొంచెం. ఆ కొంచెం ఎవరు సరిదిద్దుతారా అని చూస్తున్నాను.

మదనపల్లె మామ: నాకు ఛందస్సు చిన్నప్పుడు బళ్ళో వచ్చిందే. తప్పుంటే తిట్టండి.

రెండు వేళ్ళు దూరు రీతిగ ముడి వైచి
యెనిమిదంకె వోలె నిమ్ముగాను
గాలి వెలుతు రాడ కాడ పైకెగబాకె
ఉరిని వేసినపుడె యూపిరాడె.

సంచాలకుడు: తిట్టడానికేముంది మామా! "ఎనిమిది"కి "నిమ్ము"తో యతి. "వోలెన్", "ఇమ్ముగాను" కలిసినా లోపలి ఇకారం చెల్లుతుంది. బళ్ళో బాగానే చెప్పారు.

"రెండు వేళ్ళు దూరు" అనడంతో ముడి వదులుగా ఉందని తేలిపోయింది. ఎనిమిదంకె అంటే ఒక చుట్టు కర్రకి, ఒక చుట్టు కాడకి, మధ్యలో తాడు అడ్డంగా దాటడం. కర్ర కాడని ఒరుసుకోదు. అయితే ఒక సందేహం: మీ అంకె 8 అయితే సరే, తెలుగు ౮ అయితే మొక్క కింద పడుతుంది.

మదనపల్లె మామ: నవ్వించావులే. ఇంకో మాట, పద్యంలో పట్టలేదు. పైనుంచి వేలాడే తాడయితే వారానికోసారి కొత్తగా పెరిగిన కాడని దాని చుట్టూ తిప్పుతూ పోవాలి. ఎప్పుడూ ఒకే వైపు. తాడు ఆకు కాడ కిందనుంచి రావాలి. పూగుత్తి కిందనుంచి తెచ్చావంటే గుత్తి విరుగుతుంది. ఆకు పంగలో వచ్చే పిలకలు చిటికెన వేలంత ఉన్నప్పుడే గిల్లెయ్యి, లేకపోతే ఏ కొమ్మకి తాడు కట్టాలో నీకే తెలియదు.

డల్లాస్ బావ: మామా, పురికొస వానకి కుళ్ళదా?

మదనపల్లె మామ: కుళ్ళుతుంది. పంట అయ్యేదాకా ఉంటే చాలు, తర్వాత మొక్కతో పాటే ఎరువు గుంటలో వెయ్యి. నైలాను అయితే ఏరుకుంటూ కూర్చోవాలి. అన్నిటికన్నా ఆ అత్తయ్య చీర పేలికే మేలు, మెత్తగా ఉంటుంది.

సంచాలకుడు: ఈసారి మొదటి స్థానం మామది. గడుగ్గాయిది రెండోది, మొక్క పోయిన సానుభూతితో కాదు. వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలదే, ఈసారి ప్రాసయతి (యతి చోట మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాల పొత్తు):

పుచ్చు విత్తు మొలిచె ముచ్చటగను

సుతిలి తమ్ముడు: సార్, సమస్య తర్వాత చూస్తా. పొద్దున్నే మిద్దె ఎక్కి మొక్కలు చూసిన. ఆరు మొక్కల్లో నాలుగింటికి జారుడు ముడులే. ఒకదాని మెడ చుట్టూ సన్నగా తెల్ల గీత పడింది, పైన పచ్చికాయలు పదకొండు. ముడి విప్పుతుంటే చేతులు వణికినయి. అమ్మ పాత చున్నీ చింపి ఇచ్చింది. రెండు వేళ్ళు పెట్టి చూసి కట్టిన.