భుజం ఆపరేషన్ తర్వాత ఎల్క్ వేట: 6.5 క్రీడ్‌మూరా, 7ఎంఎం-08 ఆ?
అందరికీ నమస్తే. కొలరాడోలో ఉంటాను, అక్టోబరుకి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) ట్యాగ్, అంటే వేట అనుమతి, వచ్చింది. కిందటేడు కుడి భుజానికి ఆపరేషన్ అయింది. మొన్న రేంజిలో గట్టిగా వెనక్కి తన్నే నా .300 విన్‌మ్యాగ్ రైఫిల్ మూడు రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయాయి. అలా బెదురుతూ కాలిస్తే తూటా పొట్టలో దిగుతుంది, పాపం జంతువు గాయంతో ఏ లోయలోనో నరకం చూస్తుంది. ఆ పాపం నాకొద్దు. అందుకే తక్కువగా తన్నే 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 రకం తూటాల రైఫిళ్లలో ఒకటి తీసుకుందామనుకుంటున్నా.

ఇక్కడి రూలు ప్రకారం ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలి. ఈ రెండు రకాలూ ఆ హద్దుని సులువుగా దాటతాయి. నా మనసు 140 గ్రెయిన్ల 7ఎంఎం-08 వైపే లాగుతోంది. 250 గజాలు దాటి కాల్చను. ఎల్క్ కాస్త ఏటవాలుగా నిలబడితే భుజం ఎముక దాటుకుని ఊపిరితిత్తుల దాకా వెళ్తుందా? పూర్తి రాగి బుల్లెట్టే కావాలా, బాండెడ్ (సీసానికి రాగి తొడుగు గట్టిగా అతికించినది) సరిపోతుందా? వీటితో స్వయంగా ఎల్క్‌ని కొట్టినవాళ్లు దయచేసి చెప్పండి.