టాంజెంటే ఆల్ఫా: ఇన్‌హౌస్ అనొచ్చా?

బరంపురం_కీ: అమ్మకానికి పాత నోమోస్ (జర్మన్ కంపెనీ) టాంజెంటే వాచీ, 35 మి.మీ., ఒకటి చూశాను. కీ ఇచ్చేదే, లోపల ఆల్ఫా మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం). ఇన్‌హౌస్, అంటే కంపెనీ సొంత తయారీ లెక్కేనా?

పర్లాకిమిడి_ముల్లు: కాదు. దాని మూలం పెజూ 7001 అనే స్విస్ మూవ్‌మెంట్. 2005 నుంచి జర్మనీలోని గ్లాస్‌హ్యూట ఊళ్ళో సొంతంగా చేశారు, సరే. కానీ బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చక్రం), దాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ బయటివే. అవి సొంతమైంది 2014లో స్వింగ్ సిస్టమ్‌తో. అది ఉన్న డీయూడబ్ల్యూ 3001 మూవ్‌మెంట్ అయితే ఒప్పుకుంటా.

రాయగడ_చక్రం: 7001లో కిరీటం (కీ తిప్పే బుడిపె) లాగితే సెకన్ల ముల్లు ఆగదు, ఆల్ఫాలో ఆగుతుంది. చక్రాలను పట్టి ఉంచే విడివిడి బ్రిడ్జీల (చిన్న పలకల) చోట ఒకే పెద్ద ముప్పావు ప్లేటు ఉంటుంది. డయల్ మీద గ్లాస్‌హ్యూట పేరు వేయాలంటే మూవ్‌మెంట్ విలువలో సగానికి మించి ఆ ఊళ్ళోనే తయారవ్వాలి. 2022లో దాన్ని చట్టం కూడా చేశారు.

పర్లాకిమిడి_ముల్లు: సగానికి మించి అంటే మొత్తం కాదు కదా!

రాయగడ_చక్రం: హెయిర్‌స్ప్రింగ్ కొన్నవాళ్ళంతా దొంగలైతే ఇక స్విట్జర్లాండ్‌లో మిగిలేదెవరు మాస్టారూ?

జయపురం_డయల్: 😀

పర్లాకిమిడి_ముల్లు: వెటకారం వద్దు. నేను సర్వీసుకు జర్మనీ పంపిన వాచీ అయిదు నెలలకు వచ్చింది, గాజు మీద గీతతో. ఆ ముప్పావు ప్లేటు సంగతి తెలుసా? మూసేటప్పుడు చక్రాల ఇరుసులన్నీ ఒకేసారి రంధ్రాల్లో కూర్చోవాలి. ఒకటి పక్కకుండగా స్క్రూ బిగిస్తే ఇరుసు విరుగుతుంది. విరిగిన చక్రం ఇక్కడెవరిస్తారు? 7001 అయితే పాత వాచీలోంచైనా తీయొచ్చు.

రాయగడ_చక్రం: ఇదన్నమాట అసలు గొడవ! ఇన్‌హౌస్ కాదు, మన ఊళ్ళో విప్పించుకోగలమా అని. నేనైతే ఇక్కడ మూతే తీయనివ్వను. గోపాలపూర్ గాలిలో ఉప్పు, వాచీ నీటిని తట్టుకునేది 3 ఏటీఎం (కొద్దిపాటి తడి) వరకు మాత్రమే. తీసిన ప్రతిసారీ కొత్త గాస్కెట్ (మూత కింది రబ్బరు రింగు) పడాలి.

పర్లాకిమిడి_ముల్లు: రోజుకు అయిదు నిమిషాలు ముందుకెళ్తే కూడా జర్మనీకి పంపుతావా?

రాయగడ_చక్రం: అంత పరుగంటే ముందు దిక్సూచి దగ్గర పెట్టి చూడండి. దాని ముల్లు కదిలితే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అయస్కాంతంతో అతుక్కున్నట్టే. అయస్కాంతం తీసేసే డీమాగ్నెటైజర్ చాలు, మూత తీయక్కర్లేదు.

బరంపురం_కీ: అమ్మేవాడు టైమింగ్ మిషన్ ఫొటో పెట్టాడు. పూర్తి కీ, డయల్ పైకి, ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ ఊగే కోణం) 210 డిగ్రీలు.

పర్లాకిమిడి_ముల్లు: మిషన్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఆ లెక్కకు మూవ్‌మెంట్‌ను బట్టి ఇచ్చే కోణం) ఎంత పెట్టాడో అడుగు. తప్పుంటే 210 కూడా తప్పే. సరిగ్గానే ఉంటే నూనె ఎండింది, 270 దాటాలి.

రాయగడ_చక్రం: ఈ ఒక్కటీ నిజం. సర్వీసు ఖర్చు ధరలోంచి కొట్టించు.