యూకేలో స్మార్ట్ మీటరు బిగించే రోజే ఐసోలేటర్ కూడా పెట్టించుకోవచ్చా?

స్లౌవాసి

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో స్మార్ట్ మీటరు బిగించడానికి సప్లయర్ (కరెంటు బిల్లు వేసే కంపెనీ) తరఫున మనిషి వస్తున్నాడు. ఇల్లు 1970ల నాటిది. మెట్ల కింద అరలో కటౌట్ (వీధి కేబులు ఇంట్లోకి వచ్చే చోటి ఫ్యూజు పెట్టె), పక్కనే పాత డయల్ మీటరు, అక్కణ్నుంచి రెండు లావుపాటి వైర్లు నేరుగా ఇంటి ఫ్యూజు బోర్డు, అంటే కన్స్యూమర్ యూనిట్‌లోకి వెళ్తాయి. మధ్యలో స్విచ్ లేదు. కన్స్యూమర్ యూనిట్ పాత ప్లాస్టిక్‌ది. వేసవిలో దాన్ని మార్పించి, ఆ తర్వాత కారు చార్జర్ పెట్టించాలి. మాట్లాడుకున్న ఎలక్ట్రీషియన్ మాత్రం ముందు ఐసోలేటర్, అంటే మీటరు తర్వాత కరెంటు ఆపే స్విచ్, పెట్టించుకోమంటున్నాడు.

మీటరు మార్చే మనిషే అది బిగిస్తాడా? సామాను నేను కొని ఉంచాలా? స్మార్ట్ మీటర్లోనే స్విచ్ ఉంటుందట కదా, మళ్ళీ ఇదెందుకు? మన వైపు మీటరు పక్కనే మెయిన్ స్విచ్ ఉంటుంది. ఇక్కడ ఎందుకు లేదో అర్థం కావట్లేదు.

ఫేజున్యూట్రల్

చివరి ప్రశ్నతో మొదలుపెడతానండి, మిగతావి దాన్నిబట్టే తేలతాయి.

ఇక్కడ మెయిన్ స్విచ్ కన్స్యూమర్ యూనిట్ లోపలే ఉంటుంది. అది ఆపితే ఇంటి సర్క్యూట్లన్నీ ఆగుతాయి. కానీ ఆ స్విచ్‌లోకి వచ్చే రెండు టెర్మినళ్ళలో కరెంటు అలాగే ఉంటుంది. యూనిట్ మొత్తం మార్చాలంటే ఆ వైర్లు ఊడదీయాలి, అంటే వెనక ఎక్కడో ఆపాలి. వెనక ఉన్నది కటౌట్‌లోని ఫ్యూజు ఒక్కటే. అది డిస్ట్రిబ్యూషన్ కంపెనీ (వీధి కేబుళ్ళు చూసుకునేది, సప్లయర్ వేరు) ఆస్తి, దానికి సీలు ఉంటుంది. మీ ఎలక్ట్రీషియన్‌కి ఆ సీలు తెంపే అధికారం లేదు. కొందరు తెంపి పని కానిచ్చేస్తారు, మీరు ఒప్పుకోకండి. పాత కటౌట్ల బేకలైట్ (పాత రకం గట్టి ప్లాస్టిక్) పెళుసెక్కి ఉంటుంది, లాగితే చేతిలోనే విరగొచ్చు. అక్కడ షార్ట్ అయితే దాన్ని ఆపాల్సింది వీధి సబ్‌స్టేషన్‌లోని ఫ్యూజు. అది వందల ఆంపియర్లది, తొందరగా పోదు.

మీటరు మార్చే రోజు ఎలాగూ ఆ మనిషి ఫ్యూజు తీస్తాడు, తర్వాత కొత్త సీలు వేస్తాడు. ఐసోలేటర్‌కి అంతకంటే అనువైన రోజు లేదు. దానికి పట్టేది ఇంకో పావుగంట. ఆ రోజు వదిలేస్తే మళ్ళీ అపాయింట్‌మెంట్, చాలా చోట్ల దానికి వేరే చార్జీ.

అయితే పెట్టడం, పెట్టకపోవడం సప్లయర్ ఇష్టం. కొందరు అడిగితే ఉచితంగా పెడతారు, కొందరు డబ్బు తీసుకుంటారు, కొందరు కుదరదంటారు. అందుకే ఆ రోజు గుమ్మంలో అడగొద్దు. ఇప్పుడే ఈమెయిల్ పెట్టి, జాబ్ నోట్స్‌లో "డబుల్ పోల్ ఐసోలేటర్" అని రాయించండి. ఫోన్లో సరేనన్న మాట వచ్చే మనిషి దాకా చేరదు.

స్మార్ట్ మీటర్లోని స్విచ్ సంగతి. దూరం నుంచి సరఫరా ఆపడానికి, ప్రీపే మోడ్ (ముందే డబ్బు కట్టి వాడుకునే పద్ధతి) కోసం అందులో కాంటాక్టర్, అంటే మీటరే నడిపే స్విచ్, ఉంటుంది. దాన్ని మీరు చేత్తో ఆపలేరు, తాళం వేయలేరు. దాన్ని నమ్ముకుని వైర్ల మీద చేయి వేయకూడదు. ఐసోలేటర్ అయితే ఫేజు, న్యూట్రల్ రెంటినీ ఒకేసారి విడదీస్తుంది, లాక్ పెట్టుకునే వీలున్న రకాలూ దొరుకుతాయి.

సామాను కొని ఉంచుకోవడం మేలు, వాళ్ళు తమదే వాడతామంటే వాపసు ఇవ్వొచ్చు. 100 ఆంపియర్ల డబుల్ పోల్, నాలుగు టెర్మినళ్ళది. వైలెక్స్ ఆర్ఈసీ2ఎస్ లాంటిది 20 పౌండ్లు అటూ ఇటూగా వస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఐసోలేటర్ వట్టి స్విచ్చే, ఓవర్‌లోడ్ అయితే తనంతట తాను పడిపోదు. ఆ పని కటౌట్ ఫ్యూజుది.

మీటరుబోర్డు

పైన చెప్పినదంతా సరైనదే. కానీ ఐసోలేటర్ చేతిలో ఉన్నా వచ్చిన మనిషి "నావల్ల కాదు" అని వెళ్ళిపోయేది ఎక్కువగా వైర్ల దగ్గర. ఈ లావు వైర్లనే ఇక్కడ టెయిల్స్ అంటారు. ముందే చూసుకోవాల్సినవి:

టెయిల్స్ సైజు. 100 ఆంపియర్ల ఫ్యూజుకి 25 స్క్వేర్ ఎంఎం వాడతారు. 1970ల ఇళ్ళలో చాలావరకు 16 ఉంటుంది. అది చూసి వచ్చిన మనిషి ఫ్యూజుని 60కో 80కో దించి వెళ్ళొచ్చు. అది తప్పు కాదు, కానీ తర్వాత కారు చార్జర్ పెట్టేటప్పుడు ఇబ్బంది. పైన బూడిద తొడుగు, లోపల రంగు తొడుగు, ఇలా రెండు పొరలుండాలి. ఎరుపు, నలుపు రంగులైతే 2006కి ముందువి. రంగు పాతదైనంత మాత్రాన మార్చక్కర్లేదు గానీ, తొడుగు బిరుసెక్కి వంచితే చిట్లుతుంటే మార్చాల్సిందే.

చోటు. ఐసోలేటర్ కూర్చునేది మీటరుకీ కన్స్యూమర్ యూనిట్‌కీ మధ్య. బోర్డు మీద అరచేతి కంటే కొంచెం పెద్ద ఖాళీ, దానికి తోడు వైరు వంపు తిరగడానికి ఇంకాస్త కావాలి. 25 ఎంఎం వైరు పగ్గంలా బిర్రుగా ఉంటుంది, మూలకి నొక్కితే వంగదు. మెట్ల కింద ఉన్న పెట్టెలూ చీపుర్లూ ముందురోజే తీసేయండి. దీని వల్ల వెనక్కి వెళ్ళే వాళ్ళూ ఉన్నారు, చెబితే నవ్వొస్తుంది గానీ.

బోర్డు పాత ఆస్బెస్టాస్‌దై ఉండొచ్చని అనుమానం వచ్చినా, కటౌట్ నుంచి నల్లటి జిగురు కారి ఉన్నా మీటరు మనిషి ముట్టుకోడు. కటౌట్ ఫొటో తీసి డిస్ట్రిబ్యూషన్ కంపెనీకి ముందే పంపండి, 105కి ఫోన్ చేస్తే మీ ప్రాంతం వాళ్ళకే కలుస్తుంది. కటౌట్ పాడైతే మార్చే బాధ్యత వాళ్ళదే.

బిగింపు ఇలా ఉంటుంది: మీటరు నుంచి ఐసోలేటర్ పై టెర్మినళ్ళకి కొత్త టెయిల్స్ జత, అర మీటరు చొప్పున చాలు. పాత టెయిల్స్‌ని కత్తిరించి ఐసోలేటర్ కింది టెర్మినళ్ళలో బిగిస్తారు, అవి ఎప్పట్లాగే కన్స్యూమర్ యూనిట్‌కి వెళ్తాయి. ఎర్తు వైరు ఐసోలేటర్ గుండా పోదు, దాని దారి దానిదే. మీ దగ్గర బ్రౌన్ ఒక మీటరు, బ్లూ ఒక మీటరు కొని ఉంచండి.

స్లౌవాసి

చాలా థాంక్సండీ. మా టెయిల్స్ ఎరుపు, నలుపే, సైజు తెలియదు. ఇంకో రెండు సందేహాలు. ఐసోలేటర్ బాక్స్ మెటల్‌దా ప్లాస్టిక్‌దా? కారు చార్జర్ కోసం ఇంకో ఐసోలేటర్ కూడా ఇప్పుడే పెట్టించాలా?

పాతఫ్యూజు

సైజు కొలవడానికి కవర్లు విప్పకండి. టెయిల్ పై తొడుగు మీద సైజు అచ్చు వేసి ఉంటే టార్చి వేసి చదవండి. కనబడకపోతే ఫొటోలో పక్కన స్కేలు పెట్టి మీ ఎలక్ట్రీషియన్‌కి పంపితే చాలు.

మెటల్, ప్లాస్టిక్ గొడవకి మూలం, ఇళ్ళలో పెట్టే కొత్త కన్స్యూమర్ యూనిట్లు కాలని పెట్టెలో ఉండాలని 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధన. మామూలు ఐసోలేటర్లు ఇప్పటికీ ప్లాస్టిక్ పెట్టెల్లోనే వస్తాయి, సప్లయర్ల మనుషులూ అవే బిగిస్తారు. మీ ఇంటి ఎర్తింగు నేలలో దింపిన కడ్డీ మీదే ఆధారపడి ఉంటే, అంటే టీటీ పద్ధతి అయితే, ప్లాస్టికే తీసుకోండి. ఐసోలేటర్‌కి ముందు ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) ఏదీ లేదు. మెటల్ బాక్స్‌కి ఫేజు తగిలితే ఆ కడ్డీ గుండా ఫ్యూజు పోయేంత కరెంటు పారదు, బాక్స్ మాత్రం షాక్ కొడుతూ ఉంటుంది. మెటల్‌దే పెడితే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే రంధ్రంలోంచి రావాలి. విడివిడి రంధ్రాల్లోంచి తెస్తే వాటి మధ్య ఉన్న ఇనుము వేడెక్కుతుంది. రంధ్రం అంచు వైరుని కోయకుండా గ్లాండ్ (రంధ్రంలో బిగించే వైరు పట్టు) కూడా తప్పనిసరి.

రెండో ఐసోలేటర్ ఇప్పుడు వద్దు. మొదటి దాని తర్వాత హెన్లీ బ్లాక్ (ఒక వైరుని పలు వైర్లుగా చీల్చే కనెక్టర్) పెట్టి టెయిల్స్‌ని రెండుగా చీల్చుకోవచ్చు, ఒక జత ఇంటికి, ఒక జత చార్జర్‌కి. ఐసోలేటర్ దాటిన తర్వాతి పనంతా మీ ఎలక్ట్రీషియన్ చేతిలోదే, సీలు ముట్టుకునే పని లేదు. హెన్లీని ఐసోలేటర్‌కి ముందు, మీటరు వైపు మాత్రం పెట్టనివ్వకండి. ఐసోలేటర్ ఆపినా చార్జర్ వైపు కరెంటు ఉండిపోతుంది.

అసలు లెక్క ఫ్యూజు దగ్గర. చార్జర్ 32 ఆంపియర్లు, 9.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ దాదాపు 41, ఈ రెండిటికే 73. కటౌట్‌లో 60 ఉంటే సరిపోదు. ఫ్యూజు పెంచమని డిస్ట్రిబ్యూషన్ కంపెనీని అడగాలి, లేదా ఇంటి లోడు చూసి తనే తగ్గే చార్జర్ తీసుకోవాలి.

ఫేజున్యూట్రల్

ఒక్కటి కలుపుతాను. ఈ పనిలో చెడేది ఎక్కువగా బిగింపు దగ్గరే. 25 ఎంఎం టెయిల్‌లో ఏడు లావు తీగలుంటాయి. ముందు స్క్రూ బిగించి, తర్వాత వైరుని వంచి గోడకి సర్దితే ఆ తీగలు లోపల జరుగుతాయి, బిగింపు వదులవుతుంది. అందుకే ముందు వంపు తిప్పుకుని, తర్వాత బిగించి, వైరుని లాగి చూసి, మళ్ళీ ఒకసారి బిగించాలి. ఇన్సులేషన్ స్క్రూ కింద నలిగినా లూజు కాంటాక్టే.

ఆ మనిషి వెళ్ళకముందు ఐసోలేటర్ ఆపి ఇల్లంతా ఆగిందో లేదో, వేస్తే వచ్చిందో లేదో అతని ముందే చూడండి. ఆ తర్వాత ఎప్పుడు ఆపాల్సి వచ్చినా ముందు కన్స్యూమర్ యూనిట్ మెయిన్ ఆపండి, లోడు మీద ఆపడం అలవాటు చేసుకోవద్దు. సీళ్ళన్నీ కనబడేలా ఫొటో తీసుకోండి. ఆ రాత్రి షవర్, కెటిల్ కలిపి పావుగంట నడిపి ఐసోలేటర్ బాక్స్ మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత కాలినా, చేపల వాసనలా వచ్చినా, సన్నగా బుసబుసమన్నా కవర్ తెరవకండి. లోడు ఆపేసి వెంటనే సప్లయర్ ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

ఎలక్ట్రీషియన్ వచ్చే రోజు కూడా, ఐసోలేటర్ ఆపి ఉన్నా దాని పై టెర్మినళ్ళలో కరెంటు ఉంటుందని మరవొద్దు.