‘లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్’ను ‘నష్టపరిహార నిధి’ అనవచ్చా?

ప్రశ్న: వాతావరణ మార్పుల వల్ల దెబ్బతినే పేద దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి ఇది. వార్తల్లో తరచూ వచ్చే ఈ పేరును ‘నష్టపరిహార నిధి’ అనేస్తే తప్పా? లాస్‌కీ డ్యామేజ్‌కీ వేరువేరు మాటలు కావాలా, ‘నష్టం’ ఒక్కటి చాలదా?

జవాబు: తప్పేనండీ. భాషాదోషం కాదు, విషయదోషం. వాతావరణ మార్పులపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలో 8వ అధికరణం ఈ నష్టాల గురించే. కానీ 2015లో ఆ ఒప్పందాన్ని ఆమోదించిన నిర్ణయంలో 51వ పేరా చూడండి: ఆ అధికరణం బాధ్యతకు గానీ పరిహారానికి గానీ ఆధారం కాదు. ధనిక దేశాలు పట్టుబట్టి పెట్టించుకున్న వాక్యమది. తెలుగులో పరిహారం అంటే దోషం ఎవరిదో తేలిపోయినట్టే. దోషపరిహారం అనే మాట ఉండనే ఉంది. ఏ మాట రాకూడదని అంత బేరమాడారో, సరిగ్గా ఆ మాటే మన శీర్షికలో పెట్టేస్తున్నాం. నిధి పూర్తి పేరులో ఉన్నది ‘రెస్పాండింగ్’. అంటే నష్టాలకు స్పందించే నిధి. పేలవంగానే ఉంది, ఇంగ్లీషులోనూ అంతే.

ఇంకొకరు: రెండో ప్రశ్నకు నా జవాబు. తెలుగులో ‘పోయింది’ వేరు, ‘పాడైంది’ వేరు. సముద్రంలో కలిసిన దీవి, ఉప్పుదేరి ఊరొదిలేసిన చోట మిగిలిన సమాధులు, ఇవి పోయినవి. పైకప్పు లేచిపోయిన బడి పాడైంది, బాగుచేయొచ్చు. రెండోదానికి అంచనా వేసి అడగవచ్చు. మొదటివాటిలో చాలావాటికి ధర కట్టలేం, అందుకే ‘ఆర్థికేతర నష్టం’ అని విడిగా చెబుతారు. నివేదికల్లో ‘నష్టం, హాని’ అని జంటగా రాయండి. వార్తకు ‘నష్టం’ చాలు. ఇంకో చిక్కుంది: వాతావరణ మార్పుల శాస్త్రాన్ని మదింపు చేసే ఐరాస సంఘం ఐపీసీసీ, ఇంగ్లీషులో ఈ మాటలను పెద్ద అక్షరాలతో రాస్తే రాజకీయ చర్చ, చిన్న అక్షరాలతో రాస్తే జరిగిన చేటు. మనకు పెద్దక్షరాలు లేవు కాబట్టి మొదటిదాన్ని కొటేషన్లలో పెట్టక తప్పదు.

మరొకరు: క్రియల సంగతీ చూడండి. 2023లో దుబాయ్‌లో జరిగిన ఐరాస వాతావరణ సదస్సు మొదటి రోజునే ఈ నిధికి యూఏఈ, జర్మనీ చెరో 10 కోట్ల డాలర్లు, అమెరికా 1.75 కోట్ల డాలర్లు అన్నాయి. ‘ఇచ్చాయి’ అని రాయకూడదు, ‘ప్రకటించాయి’ అనాలి. ప్రకటన, సంతకమైన ఒప్పందం, ఖాతాలో జమ: ఈ మూడూ వేరువేరు అంకెలు. మూడింటినీ కలిపి ‘నిధులు’ అంటే చదివేవాళ్లు మోసపోతారు. ‘విరాళం’, ‘సాయం’ కూడా తూచి వాడాలి. 1991లోనే పసిఫిక్ దీవి దేశం వనువాటు చిన్న దీవుల తరఫున అడిగింది సాయం కాదు, ధనిక దేశాల డబ్బుతో నడిచే బీమా నిధి.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘పరిహారం’ అసలు వాడకూడదా?

మొదట జవాబిచ్చినవారు: వాడాలండీ, దాని చోట. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో, బాధ్యతలు ఉల్లంఘించిన దేశం చర్యకూ జరిగిన హానికీ కార్యకారణ సంబంధం తేలితే పరిహారం కూడా చెల్లించాల్సి రావచ్చని చెప్పింది. అక్కడ ‘స్పందన’ అని రాస్తే అదీ తప్పే. నిధి వార్తకు మాత్రం ‘వాతావరణ నష్టాల నిధి’ అనండి, శీర్షికలో పడుతుంది.