రిటైరైన ఆర్మీ అధికారి కాలమ్ రాయాలంటే ముందస్తు అనుమతి ఉండాలా?

సరిహద్దు రేఖ:
మాజీ ఆర్మీ చీఫ్ జనరల్ నరవణే జ్ఞాపకాల పుస్తకం 2024 జనవరిలో రావలసింది. పరిశీలనకు వెళ్లి ఆ తేదీకి రాలేదు. అదే సమయంలో, నిన్నమొన్న దిగిపోయిన కల్నళ్లు, బ్రిగేడియర్లు భద్రతా విశ్లేషకులుగా వారం వారం కాలమ్స్ రాస్తున్నారు, రాత్రిపూట చానళ్లలో మ్యాపు మీద బాణాలు గీస్తున్నారు. వీళ్లను అడిగేవాళ్లు లేరు. 2021 మే 31న పింఛను నిబంధనలు సవరించారు. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లోని నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసినవాళ్లు తమ పనికి సంబంధించి ఏం ప్రచురించాలన్నా ఆ సంస్థ అధిపతి అనుమతి కావాలి. ఆ షెడ్యూల్‌లో బీఎస్‌ఎఫ్ ఉంది, ఆర్మీ లేదు. ఒకే జిల్లాలో సరిహద్దు కాసిన ఇద్దరిలో ఒకరికి అనుమతి కావాలి, ఇంకొకరికి అక్కర్లేదు. కల్నల్, ఆపై హోదాలో రిటైరైనవాళ్లకు కనీసం మూడేళ్లు ఇలాంటి నిబంధన ఉండాలని నా వాదన.

సెక్షన్ ఐదు:
ఎవరూ అడగరన్నది సరికాదు సార్. అనుమతి లేకుండా సర్వీసు విషయాలు పత్రికలకు రాయకూడదనే ఆర్మీ రూల్స్, 1954లోని రూల్ 21 సర్వీసులో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, అంతవరకు ఒప్పుకుంటా. కానీ అధికార రహస్యాల చట్టం, 1923లోని సెక్షన్ 5 రిటైరైనా వదలదు. పదవిలో ఉన్నందువల్ల చేతికొచ్చిన సమాచారాన్ని అనధికారికంగా బయటపెడితే, ఆ పదవి ఇప్పుడు లేకపోయినా నేరమే. మూడేళ్ల వరకు జైలు. నిఘా సంస్థ రా గురించి పుస్తకం రాసిన మేజర్ జనరల్ వి.కె. సింగ్ మీద 2007లో సీబీఐ కేసు పెట్టింది ఈ చట్టం కిందే.

ఇక ఆచరణ చూడండి. పొద్దున ఘటన జరిగితే సాయంత్రం ఆరింటికల్లా 900 పదాలు కావాలంటుంది పత్రిక డెస్క్. అమెరికా రక్షణ శాఖకు ప్రచురణకు ముందు పరిశీలించే కార్యాలయమే ఉంది, అక్కడే చాలా పనిదినాల ముందు పంపమంటారు. ఆ లెక్కన మన దగ్గర కాలమ్ అనేదే ఉండదు. అనుమతి దొరికే రాతలే మిగులుతాయి, అవి ప్రెస్‌నోట్ లాగానే ఉంటాయి.

మ్యాప్ టేబుల్:
మీరిద్దరూ రహస్యాల చుట్టూ తిరుగుతున్నారు. నాకు కనిపించే అసలు జబ్బు పాతబడిన పరిజ్ఞానం. 2012లో బెటాలియన్ నడిపిన అనుభవంతో ఇవాళ్టి డ్రోన్ యుద్ధం మీద తీర్పులిస్తున్నారు. పేరు ముందు హోదా ఉంది కాబట్టి డెస్క్ తిరిగి ప్రశ్నించదు.

ఉపగ్రహ చిత్రాలే తీసుకోండి. ఉచితంగా దొరికే ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. టీ-90 ట్యాంకు గొట్టంతో కలిపి చూసినా అంతకంటే కాస్త తక్కువే. అంటే ఒక ట్యాంకు ఒక చుక్క. ఆ చిత్రం పెట్టి "40 ట్యాంకులు మోహరించారు" అని రాస్తే అది ఊహ. కొత్త రోడ్డు, పెద్ద షెడ్ల వరుస, తవ్విన నేల లాంటివి మాత్రమే అందులో నమ్మకంగా చెప్పొచ్చు. వాహనాలు లెక్కపెట్టాలంటే అర మీటరు తరగతి వాణిజ్య చిత్రం కొనాల్సిందే.

లద్దాఖ్‌లో ఇంకో చిక్కు. ఏప్రిల్ చిత్రం పక్కన జూలై చిత్రం పెడితే, మంచు కరిగి బయటపడిన పాత బాట కొత్త నిర్మాణంలా కనిపిస్తుంది. కిందటేడు ఇదే నెల చిత్రంతో పోల్చాలి, తేదీలు రెండూ చిత్రం కిందే వేయాలి. విదేశీ కంపెనీ మ్యాపును యథాతథంగా వాడటం మరో ప్రమాదం. సర్వే ఆఫ్ ఇండియా హద్దులకు భిన్నమైన దేశపటం ప్రచురిస్తే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల దాకా జైలు.

కొండ దారి:
మ్యాప్ టేబుల్ గారూ, పాతబడేవి ఆయుధాలు. కొండలు, కడుపులు, ఊపిరితిత్తులు పాతబడవు. మాజీ అధికారి విలువ అక్కడే ఉంది.

"మైదానం నుంచి డివిజన్‌ను రెండు రోజుల్లో తూర్పు లద్దాఖ్‌లో మోహరించారు" అని వార్త వస్తే, డివిజన్ అంటే వేల మంది సైనికులున్న దళమైనా, మామూలు విలేకరి అలాగే రాసేస్తారు. ఆ ఎత్తుల్లో పనిచేసినవాళ్లు వెంటనే ఆగుతారు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా ఇంకో నాలుగు, ఆపైన మరో నాలుగు, మొత్తం 14 రోజులు శరీరాన్ని అలవాటు చేయనిదే జవాన్‌ను బరువుతో కొండెక్కించరు. ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి పోవచ్చు. కాబట్టి ఆ వార్తకు అర్థం రెండింట్లో ఒకటి: విమానాలు దిగాయి గానీ దళం ఇంకా పోరాటానికి సిద్ధంగా లేదు, లేదా అప్పటికే పైన ఉన్న దళాన్ని పక్కకు జరిపారు. ఆ తర్వాత అడగాల్సినవి కిరోసిన్, రేషన్, మందుగుండు చలికాలానికి ముందే ఎంత చేరాయి, ఫిరంగి దళం వెంట వచ్చిందా అని. ఇందులో రహస్యం ఒక్కటీ లేదు. అడగడం తెలియాలి, అంతే. దీనికి ఎవరి సంతకం కావాలి?

బడ్జెట్ పద్దు:
నా అభ్యంతరం వేరే. 2025-26 రక్షణ బడ్జెట్‌లో మూలధన వ్యయమే, అంటే ఆయుధాల కొనుగోలు లాంటివాటికి పెట్టేదే, దాదాపు 1.80 లక్షల కోట్లు. ఫలానా ఫిరంగి అత్యవసరమని రాసే మాజీ జనరల్ ఆ కంపెనీకి సలహాదారు అయితే పాఠకుడికి ఎలా తెలుస్తుంది? అమెరికాలో టీవీ విశ్లేషకులుగా కనిపించిన రిటైర్డ్ జనరళ్లకు రక్షణ కంపెనీలతో ఉన్న సంబంధాలను 2008లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, 2009లో ఆ పరిశోధనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. కాలమ్ కింద మూడు విషయాలు తప్పనిసరి చేయండి: రిటైరైన సంవత్సరం, చివరి పోస్టింగ్ ఏ విభాగంలో, ఇప్పుడు ఏ కంపెనీ నుంచి డబ్బు అందుతోంది. మ్యాప్ టేబుల్ గారు చెప్పిన పాత పరిజ్ఞానం సమస్యకూ మొదటి రెండూ పనికొస్తాయి.

సరిహద్దు రేఖ:
వివరాల పట్టీ మంచిదే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆపరేషన్ నడుస్తుండగా అది దేన్నీ ఆపదు. 2025 ఏప్రిల్ 26న సమాచార శాఖ రక్షణ కదలికల ప్రత్యక్ష ప్రసారం వద్దని చానళ్లకు చెప్పింది. కెమెరాను ఆపారు సరే, "నేనైతే ఈ దారిలో వెళ్తాను" అని స్టూడియోలో పటం మీద వేలు పెట్టే మాజీ బ్రిగేడియర్‌ను ఎవరు ఆపాలి? ఆ మార్గం ఆయనకు పదవి వల్లే తెలిసింది కదా, సెక్షన్ ఐదు గారూ?

సెక్షన్ ఐదు:
పాత ఆపరేషనల్ ప్లాన్‌లో చూసిన దారి అయితే సెక్షన్ 5 వర్తిస్తుంది, కేసు పెట్టొచ్చు. ఎవరైనా కొనుక్కోగలిగే పటంలోని కనుమ అయితే వర్తించదు. ఆపరేషన్ సాగినన్నాళ్లు భవిష్యత్ కదలికల మీద ఊహలు అడగబోమని చానళ్లే రాతపూర్వకంగా నియమం పెట్టుకోవచ్చు, దాన్ని నేను సమర్థిస్తా. మూడేళ్ల అనుమతి నిబంధన మాత్రం ఆ వేలితో పాటు, పైన కొండ దారి గారు చెప్పిన 14 రోజుల లెక్కనూ ఆపేస్తుంది.