అంగారకుడి వాలులపై నల్లటి చారలు: నీరా, ఇసుకా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు మాస్టారు): అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక తీసిన చిత్రాలలో, వేసవిలో వాలు వెంట కిందికి సాగి చలికాలంలో మాసిపోయే సన్నని నల్లటి చారలు ఉన్నాయని 2011లో ప్రకటించారు. అక్కడ నీటిని పట్టి ఉంచే పెర్‌క్లోరేట్ లవణాల జాడ కనిపించిందని 2015లో అన్నారు. అటువంటి ఉప్పునీరు సున్నా డిగ్రీలకు బాగా దిగువన కూడా గడ్డకట్టదు కాబట్టి, అవి నీటి చారలేనని నా నమ్మకం.

చీమకుర్తి: మాస్టారూ, 2017లో ఆ వాలులను కొలిచి చూస్తే, చారలు దాదాపు అన్నీ 27 డిగ్రీలకు మించిన నిట్టవాలులోనే ఆగిపోతున్నాయని తేలింది. నీరైతే వాలు తగ్గిన చోటికీ పారాలి కదా. మా క్రషర్ కింద డస్ట్ గుట్ట ఎంత పెరిగినా దాని పక్కవాలు మారదు. కొనమీద ఇంకో తట్ట పోస్తే పైపొర జారి, జారినంత మేర రంగు వేరుగా కనిపిస్తుంది. ఆ చారలూ అలా జారిన పొడి ఇసుకే అంటాను.

పెన్నా ఒడ్డు: పొడి ఇసుకకు ఋతువులతో పనేమిటి? ఏటా వేసవిలోనే ఎందుకు సాగుతున్నాయి?

కావలి: చీమకుర్తి గారి మాటే సబబుగా ఉంది.

మద్దిపాడు రైతు: పైనుంచి తీసిన బొమ్మను నమ్మడమే తప్పు. వానకు తడిసిన మా మూడెకరాల నల్లరేగడి ఉపగ్రహ చిత్రంలో నీళ్లలా కనిపించిందని చెరువు పోరంబోకుగా రాసేశారు. ఒక్కరైనా గట్టు మీదికి వచ్చి చూడలేదు.

చీమకుర్తి: అన్నా, మీ బాధ నిజమే. అయితే అంగారకుడిపై జెజెరో అనే పెద్ద గుంటలో పాత నది డెల్టా ఉందని కక్ష్య నుంచే గుర్తించారు. 2021లో పర్సెవరెన్స్ రోవర్ అక్కడ దిగి, నది సరస్సులో పేర్చిన ఏటవాలు పొరలను కొడియాక్ అనే గుట్టలో చూపింది.

మద్దిపాడు రైతు: దిగి చూశారు కాబట్టి నమ్ముతాను. ఆ చారల దగ్గరికి ఎవరు వెళ్లారు?

పెన్నా ఒడ్డు: వెళ్లకుండానే నీరు లేదని తీర్పు చెబుతున్నది చీమకుర్తి గారే.

చీమకుర్తి: వెళ్లకుండానే ఉందన్నది మీరు! ఆ లవణాల జాడ దత్తాంశాన్ని శుద్ధి చేసేటప్పుడు దొర్లిన దోషం వల్ల కూడా రావచ్చని 2018లోనే చూపారు. చదివి కూడా ఎందుకు ఒప్పుకోరు?

పెన్నా ఒడ్డు: 2015లో తొమ్మిదో తరగతి పిల్లలకు 'అంగారకుడిపై నీరు పారుతోంది' అని నల్లబల్ల మీద రాసింది నేను. వేసవి సంగతి తేలకుండా ఆ మాట కొట్టివేసి ఇంకో మాట ఎలా రాయమంటారు?

మద్దిపాడు రైతు: తేలలేదని రాయండి మాస్టారూ. నా పొలం కాగితంలో ఆ ఒక్క మాట రాసి ఉంటే నేను ఇన్నిసార్లు ఒంగోలు తిరిగేవాడిని కాదు.

పెన్నా ఒడ్డు: తేలలేదని రాస్తాను. ఇసుక అని మాత్రం రాయను.